అక్షరం నొక్కితే పేజీ ఎందుకు బిగుసుకుపోతుంది?



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమన్నప్పుడు ఎం.సి.ఎ. చదువుతున్న మేము ఈ విషయాన్ని ఎంచుకోవటానికి ఒక కారణం ఉంది. మనలో చాలామందికి కంప్యూటర్ అంటే చేతిలో ఉన్న ఫోనే. అది కూడా అన్న వాడి ఇచ్చిందో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో అయి ఉంటుంది. స్కాలర్‌షిప్ రెన్యువల్, హాల్ టికెట్, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవటం, అన్నీ ఆ చిన్న తెర మీదే. ఆఖరి తేదీ రాత్రి ఫారం నింపుతుంటే నొక్కిన అక్షరం వెంటనే పడదు. రెండు మూడు సార్లు నొక్కుతాం. కాసేపటికి అన్నీ ఒక్కసారే వచ్చి పడి పేరు తప్పుగా తయారవుతుంది. "నెట్ స్లోగా ఉంది" అనుకుంటాం, లేదా ఫోన్‌ను తిట్టుకుంటాం. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ఇలాగే ఒక ప్రవేశాల వెబ్‌సైటులో బటన్ కదలటం లేదని రెండుసార్లు నొక్కి, ఫీజు రెండుసార్లు కట్టి, ఒకదాన్ని వెనక్కి తెచ్చుకోవటానికి నెలల తరబడి తిరిగాడు.

ఒక చిన్న పరీక్ష చెబుతాం. మీరు నొక్కిన అక్షరం పెట్టెలో వెంటనే పడి, కింద రావలసిన జాబితా ఆలస్యమైతే నెట్‌ను అనుమానించవచ్చు. కాని అక్షరమే పెట్టెలో ఆలస్యంగా పడితే మాత్రం సాధారణంగా నెట్‌కు సంబంధం లేదు. అక్షరం పడటానికి ఇంటర్‌నెట్ అక్కరలేదు గదా! ఆ ఆలస్యం ఫోన్ లోపలే జరుగుతోంది. ఆ పేజీ రాసినవాళ్ళు ప్రతి అక్షరానికి ఫోన్ చేత ఎంత చాకిరీ చేయిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

ఒకే వంట మాస్టరు

వెబ్‌పేజీలో కదలిక తెచ్చే భాష జావాస్క్రిప్ట్. దీన్ని 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ తయారు చేశాడు. మొదట్లో దీనికి అప్పజెప్పిన పనులు చిన్నవి. ఫారంలో ఖాళీ వదిలేస్తే హెచ్చరించటం, మౌస్ మీదికి వస్తే బొమ్మ మార్చటం వంటివి. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక వెబ్‌పేజీ అంటే చదివే కాగితం కాదు, పనిచేసే ప్రోగ్రాం అని అందరికీ అర్థమైంది. పని పెరిగింది గాని లోపలి ఏర్పాటు మారలేదు. ఒక పేజీలోని జావాస్క్రిప్ట్ అంతా ఒకే ప్రధాన త్రెడ్ మీద నడుస్తుంది. పేజీ కొలతలు లెక్కగట్టటం, తెర మీద గీయటానికి సిద్ధం చేయటం కూడా చాలావరకు ఆ త్రెడ్ పనే.

మన మెస్‌ను గుర్తు తెచ్చుకోండి. వంట మాస్టరు ఒక్కడే. వంద మంది పిల్లలు పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వచ్చి "అన్నా, అయ్యిందా?" అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఆయన గరిటె కింద పెట్టి, మూత తీసి చూసి, జవాబు చెప్పి, మళ్ళీ గరిటె పట్టుకోవాలి. ఒక్కొక్కరికి పట్టేది కొద్ది సమయమే. వంద మందికి కలిపితే అన్నం మాడిపోతుంది. ఇక్కడ పిల్లల ప్రశ్న 'ఈవెంట్'. మాస్టరు ఇచ్చే జవాబు 'ఈవెంట్ హ్యాండ్లర్'. కిటికీ ముందు వరుస 'ఈవెంట్ క్యూ'. మీట నొక్కటం, వేలు జరపటం, పేజీని పైకి తోయటం, మౌస్ కదపటం ఇవన్నీ ఈవెంట్లే. నిజానికి ఒక్క అక్షరం నొక్కితేనే కీడౌన్, ఇన్‌పుట్, కీఅప్ అని కనీసం మూడు ఈవెంట్లు పుడతాయి.

కామాటి సాయం లేదా అని మీకు సందేహం రావచ్చు. ఉంది. దాన్ని 'వెబ్ వర్కర్' అంటారు. అతను పక్కన కూర్చుని కూరగాయలు తరిగి ఇవ్వగలడు గాని కిటికీ దగ్గర వడ్డించలేడు. అంటే లెక్కలు చేసి పెట్టగలడే తప్ప పేజీని నేరుగా ముట్టుకునే హక్కు అతనికి లేదు.

మిల్లీసెకన్ల లెక్క

మామూలు ఫోన్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. 1000 మిల్లీసెకన్లను 60తో భాగిస్తే ఒక్కో బొమ్మకు, అంటే ఒక్కో 'ఫ్రేమ్'కు, దక్కేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. సెకనుకు 120 సార్లు మార్చే తెరలైతే 8.3 మాత్రమే. ఈ కొద్దిపాటి వ్యవధిలోనే బ్రౌజర్ తన సొంత పని కూడా చేసుకోవాలి. కాబట్టి 60 ఫ్రేముల తెర మీద మన కోడ్‌కు సుమారు 10 మిల్లీసెకన్లు మిగులుతాయని లెక్క వేసుకోవచ్చు. అది దాటితే ఆ ఫ్రేమ్ పోయినట్టే.

ఇప్పుడు ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక పేజీలో కాలేజీ పేరు వెతికే పెట్టె ఉంది. అక్షరం నొక్కిన ప్రతిసారీ ఆ పేజీ మొత్తం కాలేజీల జాబితాను జల్లెడ పట్టి, పాత వరుసలన్నీ చెరిపి, కొత్తవి గీస్తుంది. ఈ పనికి ప్రోగ్రామర్ ఆఫీసులోని కంప్యూటర్‌కు 60 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. మనం 10 అక్షరాలను 200 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున నొక్కుతున్నాం. ప్రతి అక్షరం తర్వాత ఆ కంప్యూటర్‌కు 140 మిల్లీసెకన్ల తీరిక. ఆయనకు ఏ ఇబ్బందీ కనపడదు. పేజీ బాగుందని ఒప్పజెప్పేస్తాడు.

అదే పేజీ ఆరింతలు నెమ్మదైన ఫోన్‌లోకి వస్తే ఒక్కో అక్షరానికి పని 360 మిల్లీసెకన్లు. అక్షరాలు మాత్రం 200కు ఒకటి వస్తూనే ఉన్నాయి. వచ్చే నీళ్ళు ఎక్కువ, పోయే నీళ్ళు తక్కువ. మొదటి అక్షరం సున్నా దగ్గర మొదలైతే పదోది 1800వ మిల్లీసెకను దగ్గర నొక్కుతాం. మొత్తం పని పూర్తయ్యేది 3600 దగ్గర. అంటే చివరి అక్షరం వేసిన తర్వాత 1.8 సెకన్లు పేజీ మొద్దులా కూర్చుంటుంది. ఇందులో గమనించవలసింది ఏమిటంటే పేజీ ఆరింతలు నెమ్మదించలేదు. ఆఫీసులో వరుసే లేదు, ఫోన్‌లో వరుస పుట్టింది. పని కాలం ఈవెంట్ల మధ్య వ్యవధిని దాటిన క్షణం నుంచి బాకీ పెరుగుతూనే పోతుంది, వడ్డీ అప్పులాగా.

మీట నొక్కటానికీ, వేలు జరపటానికీ ఇక్కడ ఒక తేడా ఉంది. నొక్కిన మీటల్లో ఒక్కదాన్ని కూడా బ్రౌజర్ పారేయటానికి వీల్లేదు. పారేస్తే పేరులో అక్షరం పోతుంది. అందుకే అవి వరుస కడతాయి. మౌస్ కదలిక అలా కాదు. మామూలు యు.ఎస్.బి. మౌస్ సెకనుకు 125 సార్లు తన స్థానం చెబుతుంది. తెర మారేది 60 సార్లే. కాబట్టి చెప్పినవన్నీ చూపటంలో అర్థం లేదు. క్రోమ్ 2017లో వచ్చిన 60వ వెర్షన్ నుంచి ఇలాంటి కదలికలను కలిపి ఫ్రేమ్‌కు ఒకసారి మాత్రమే పేజీకి అందిస్తోంది. దానివల్ల పెద్ద వరుస పడదు. అయినా ఒక్కో కదలికకు 50 మిల్లీసెకన్ల పని పెట్టుకుంటే సెకనుకు 60 బొమ్మల బదులు 20 బొమ్మలు కూడా రావు. పేజీ జారదు, కుంటుతుంది.

ట్విట్టర్‌లో జరిగింది

ఇది చిన్న కంపెనీలకు, కొత్త ప్రోగ్రామర్లకు మాత్రమే వచ్చే జబ్బు అనుకోకండి. 2011 జనవరిలో ట్విట్టర్ వెబ్‌సైటులో (ఇప్పుడు దాని పేరు ఎక్స్) పేజీని కిందికి జరపటం భరించలేనంత నెమ్మదించింది. ఆ సైటు జెక్వెరీ అనే లైబ్రరీని వాడుకునేది. దాన్ని 1.4.4 వెర్షన్ నుంచి మళ్ళీ పాత 1.4.2కు మారిస్తే బాధ తగ్గింది. ఇక్కడితో ఆపేస్తే "కొత్త వెర్షన్ చెడ్డది" అని తేల్చేయవచ్చు. 2006లో జెక్వెరీని విడుదల చేసిన జాన్ రెసిగ్ అక్కడ ఆగలేదు. అసలు కారణం తవ్వి రాశాడు.

ట్విట్టర్‌లో కిందికి వెళ్ళేకొద్దీ కొత్త సందేశాలు వస్తుంటాయి. అందుకోసం ఆ పేజీ స్క్రోల్ ఈవెంట్‌కు ఒక హ్యాండ్లర్ తగిలించింది. పేజీ కాస్త కదిలిన ప్రతిసారీ అది పేజీలో కొన్ని భాగాలను క్లాస్ పేరుతో మొదటినుంచి వెతికేది. ఆ రకం వెతుకులాట కొత్త వెర్షన్‌లో కొంత నెమ్మదించింది. మామూలుగా ఒకటి రెండుసార్లు వెతికేవాళ్ళకు ఆ తేడా తెలియదు. ఒక్క స్క్రోల్‌లో ఎన్నోసార్లు వెతికేవాళ్ళకు పేజీ కూలబడింది. అంటే లోపం పాత వెర్షన్ రోజుల్లోనే ఉంది, అది కనపడకుండా నడిచిపోయింది.

రెసిగ్ చెప్పిన మందు చాలా సులువైనది. స్క్రోల్ హ్యాండ్లర్‌లో ఏ పనీ చేయవద్దు. "కదిలింది" అని ఒక గుర్తు మాత్రం పెట్టుకో. 250 మిల్లీసెకన్లకు ఒకసారి ఆ గుర్తు ఉందా అని చూసి, ఉంటే చెరిపి, అప్పుడు అసలు పని చెయ్యి. వెతికిన భాగాన్ని ఒకసారి వెతికి దాచుకో. మా అభిప్రాయంలో ఈ సబ్జెక్టు అంతటికీ ఇదే మూలసూత్రం. ఈవెంట్ వచ్చినప్పుడు రాసుకోవటం వేరు, పని చేయటం వేరు. ఈ రెండింటినీ విడదీయటం తెలిస్తే మిగతావన్నీ దీని రూపాలే.

ఇప్పుడైతే ఆ పనికి స్క్రోల్ ఈవెంటే అక్కరలేదు. 2016లో క్రోమ్ 51తో వచ్చిన 'ఇంటర్సెక్షన్ అబ్జర్వర్' అనే సదుపాయం "ఫలానా వరుస తెర మీదికి వచ్చినప్పుడు నాకు చెప్పు" అని బ్రౌజర్‌కే అప్పజెబుతుంది. మిగతా బ్రౌజర్లలోకి కూడా అది వచ్చేసింది.

ఆగి చేయటం, కాలం ప్రకారం చేయటం

రాసుకున్న పనిని ఎప్పుడు చేయాలి? దీనికి రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో ఈ రెండింటికీ తేడా తరచుగా అడుగుతారు కనుక శ్రద్ధగా చదవండి.

మొదటిది 'డీబౌన్స్'. ఈ మాట ఎలక్ట్రికల్ వాళ్ళది. స్విచ్ ఒకసారి నొక్కినా లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లు అదిరి చాలాసార్లు తగులుతుంది. ఆ అదురు తగ్గేదాకా ఆగి ఒక్క నొక్కుగా లెక్కించటమే డీబౌన్స్. మన భాషలో చెప్పాలంటే, చివరి పిల్లవాడు తిని వెళ్ళాక పది నిమిషాలు ఎవ్వరూ రాకపోతేనే మెస్ తలుపు వేయటం. తొమ్మిదో నిమిషంలో ఒకడు వస్తే లెక్క మళ్ళీ మొదటికి. పైన చెప్పిన వెతుకు పెట్టెకు 300 మిల్లీసెకన్ల డీబౌన్స్ పెట్టి చూడండి. అక్షరాలు 200కు ఒకటి వస్తున్నంత సేపు పని మొదలే కాదు. పెట్టెలో అక్షరాలు మాత్రం ఎప్పటికప్పుడు పడుతుంటాయి. 1800 దగ్గర చివరి అక్షరం పడ్డాక 2100 దగ్గర పని మొదలై 2460కి పూర్తవుతుంది. అదే ఫోన్, అదే జాబితా. 1.8 సెకన్ల నిరీక్షణ 0.66 సెకనుకు దిగింది. పదిసార్లు చేసిన పని ఒక్కసారే చేశాం, బ్యాటరీ కూడా మిగిలింది.

రెండోది 'థ్రాటిల్'. ఇది ఆర్.టి.సి. బస్సు పద్ధతి. జనం ఎంతమంది వచ్చినా అరగంటకు ఒక బస్సు. ఈవెంట్లు ఆగకుండా వస్తున్నా మధ్యమధ్యలో ఫలితం కనపడవలసిన చోట ఇదే వాడాలి. పేజీ ఎంత దూరం చదివామో చూపే గీత అలాంటిది. దానికి డీబౌన్స్ పెడితే వేలు తీసేదాకా గీత కదలదు. కంటికి కనపడే కదలికకైతే కాలాన్ని మనం నిర్ణయించటం కంటే 'రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్' అనే పిలుపు వాడటం మేలు. అది తర్వాతి బొమ్మ గీసే ముందు సరిగ్గా ఒకసారి మన పనిని పిలుస్తుంది.

2009లో వచ్చిన అండర్‌స్కోర్ లైబ్రరీలోను, దాని తర్వాతి లోడాష్‌లోను ఈ డీబౌన్స్, థ్రాటిల్ రెండూ సిద్ధంగా దొరుకుతాయి. అయినా ఒకసారి సొంతంగా రాయండి. పది లైన్లు కూడా దాటదు. డీబౌన్స్‌లో ఒక చిక్కు కూడా రాసేటప్పుడే తెలుస్తుంది. పిల్లలు ఒక్కొక్కరుగా వస్తూనే ఉంటే మెస్ తలుపు ఎప్పటికీ పడదు. అందుకే లోడాష్‌లో 'మ్యాక్స్ వెయిట్' అని గరిష్ఠ గడువు పెట్టుకునే వీలు ఇచ్చారు. ఇంకొక హెచ్చరిక. 'సబ్మిట్' బటన్‌కు ఆగి చేసే పద్ధతి వద్దు. నొక్కిన వెంటనే ఆ బటన్‌ను పనిచేయకుండా చేసి "పంపుతున్నాం" అని చూపాలి. అదే చేసి ఉంటే మా మిత్రుడు రెండోసారి నొక్కేవాడు కాదు.

రియాక్ట్ నేర్చుకుంటున్నవారికి ఒక మాట. అక్షరం అక్షరానికీ పై స్థాయిలో స్టేట్ మారిస్తే దాని కింది భాగాలన్నీ మళ్ళీ లెక్కకు వస్తాయి. పెట్టె స్టేట్‌ను పెట్టె దగ్గరే ఉంచండి. 2022లో వచ్చిన రియాక్ట్ 18లోని 'యూజ్ డిఫర్డ్ వేల్యూ' అక్షరాన్ని ముందు చూపి, జాబితాను వెనక్కి నెట్టటానికే పెట్టారు.

కొలవటం, మార్చటం

హ్యాండ్లర్ తక్కువసార్లు నడిచినా లోపల చేసే పని అడ్డదిడ్డంగా ఉంటే లాభం లేదు. పి.టి. సారు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టేటప్పుడు ఒక్కొక్కణ్ణి జరిపిన ప్రతిసారీ వరుస మొత్తం మళ్ళీ టేపు పెట్టి కొలిస్తే డ్రిల్లు పీరియడ్ అయిపోతుంది. పేజీలో ఒక వరుస వెడల్పు మార్చి, వెంటనే 'ఆఫ్‌సెట్ హైట్' అడిగితే బ్రౌజర్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. మీరు అడిగిన ఎత్తు నిజం చెప్పాలి కనుక కొలతలన్నీ అక్కడికక్కడే మళ్ళీ లెక్కగడుతుంది. వంద వరుసలకు మార్చు, అడుగు, మార్చు, అడుగు అంటూ పోతే వంద లెక్కలు. ముందు వందా అడిగేసి, తర్వాత వందా మారిస్తే ఒక్క లెక్కతో పోతుంది. కోడ్‌లో మారేది లైన్ల వరుస మాత్రమే.

ఫోన్‌లో వేలితో జరిపేటప్పుడు ఇంకొక అడ్డు ఉంది. పేజీ 'టచ్‌మూవ్'కు హ్యాండ్లర్ పెట్టుకుంటే, ఆ హ్యాండ్లర్ "జరగవద్దు" అంటుందేమోనని బ్రౌజర్ ఆగి కనుక్కోవాలి. గేటు దగ్గర వాచ్‌మన్ ప్రతి ఒక్కరినీ ఆపి వార్డెన్ సారు దగ్గరికి వెళ్ళి అడిగి వచ్చినట్టు. "మేము అడ్డు చెప్పం" అని ముందే రాసి ఇవ్వటాన్ని 'పాసివ్' హ్యాండ్లర్ అంటారు. ఇది 2016లో క్రోమ్ 51లో వచ్చింది. 2017లో 56వ వెర్షన్ నుంచి మొత్తం పేజీ స్థాయిలో పెట్టిన టచ్ హ్యాండ్లర్లను క్రోమ్ తనంతట తానే పాసివ్‌గా తీసుకుంటోంది.

అక్షరానికొక ఉత్తరం

గూగుల్ 2004 డిసెంబరులో 'సజెస్ట్' అనే ప్రయోగం పెట్టి, టైపు చేస్తుండగానే సూచనలు చూపింది. అప్పటినుంచి ప్రతి సైటుకూ అదే కావాలి. కాని అక్షరానికొకసారి సర్వర్‌ను అడిగితే పది అక్షరాల పేరుకు పది ప్రశ్నలు. అందులో తొమ్మిది జవాబులు ఎవరూ చదవరు. డేటా ప్యాక్ మాత్రం మనది తరుగుతుంది. ఆఖరి రోజు వేలమంది ఒకేసారి టైపు చేస్తే సర్వర్ మీద పడే భారం కూడా అంతే రెట్లు.

దీనికంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. ముందు వేసిన ఉత్తరం తర్వాత చేరవచ్చు. మీరు "కర్నూలు" అని పూర్తి చేశారు, దాని జవాబు వచ్చి జాబితా సరిగ్గా కనపడింది. అంతలో "క" ఒక్కదానికి అడిగిన పాత జవాబు తాపీగా వచ్చి జాబితాను మార్చేసింది. కరీంనగర్ కాలేజీ మీ వేలి కిందికి వచ్చింది. ఆప్షన్లు పెట్టుకునే రాత్రి ఇది చిన్న విషయం కాదు. కొత్త ప్రశ్న పంపే ముందు పాత ప్రశ్నను 'అబార్ట్ కంట్రోలర్'తో రద్దు చేయాలి. లేదా ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు వేసి, చివరి నంబరు కాని జవాబును పారేయాలి. డీబౌన్స్ పెడితే ఈ ప్రమాదం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. మా క్లాసులో చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు.

ల్యాబ్‌లో చేసి చూడండి

0.1 సెకను లోపల జవాబు వస్తే మనిషికి తన చేతి పనిలాగే అనిపిస్తుందని, 1 సెకను దాటితే ఆలోచన తెగుతుందని జేకబ్ నీల్సన్ 1993లోనే పుస్తకంలో రాశాడు. 2024 మార్చి 12 నుంచి గూగుల్ వెబ్‌పేజీల నాణ్యతకు వాడే ముఖ్య కొలతల్లో 'ఐ.ఎన్.పి.' ఒకటి. నొక్కిన దగ్గర నుంచి తెర మీద మార్పు కనపడేదాకా 200 మిల్లీసెకన్ల లోపు అయితే మంచిది, 500 దాటితే చెడ్డది. స్క్రోల్‌ను ఇది కొలవదు. నొక్కటాన్నీ, టైపు చేయటాన్నీ కొలుస్తుంది.

క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి 'పెర్ఫార్మెన్స్' విభాగంలోకి వెళితే సి.పి.యు.ను 4 రెట్లు, 6 రెట్లు నెమ్మది చేసే వీలుంది. అది పెట్టి మీ మినీ ప్రాజెక్టులో టైపు చేసి చూడండి. 50 మిల్లీసెకన్లు దాటిన ప్రతి పనినీ ఎర్ర గుర్తుతో చూపిస్తుంది. మాలో చాలామందిమి మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం. రేపు ఏ కంపెనీలో చేరినా మంచి కంప్యూటర్ ఇస్తారు. అందులో అన్నీ పరుగెత్తుతాయి. ఆ 6 రెట్ల బటన్ నొక్కినప్పుడు కనపడేది మన అమ్మానాన్నల చేతిలోని ఫోన్.

చివరగా ఒక అభ్యాసం. తెర మీద వేలితో సంతకం చేసే పెట్టె తయారు చేయాలి. దీనికి డీబౌన్స్ వాడాలా, థ్రాటిల్ వాడాలా?

జవాబు: రెండూ కాదు. డీబౌన్స్ పెడితే వేలు ఆగేదాకా గీత రాదు. థ్రాటిల్ పెడితే మధ్య బిందువులు పోయి గుండ్రటి 'ర' కాస్తా మూలలు తేలిన పెట్టె అవుతుంది. ఇక్కడ ప్రతి బిందువూ కావాలి. కాబట్టి వచ్చిన బిందువులన్నీ ఒక జాబితాలో రాసుకోండి. బ్రౌజర్ కలిపేసిన వాటిని 'గెట్ కొయలెస్డ్ ఈవెంట్స్' అనే పిలుపుతో బయటికి తీయవచ్చు. గీయటం మాత్రం ఫ్రేమ్‌కు ఒకసారి చేయండి.